మాస్ట్‌కీ మాస్టర్‌కీ చుట్టరికం ఉందా?

తణుకు_టీచర్
మా స్టాఫ్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. పూర్వం ఓడలో నాయకుడు మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం, పక్కన నిలబడి ఆజ్ఞలిచ్చేవాడట, అందుకని వాడికి మాస్టర్ అని పేరొచ్చిందట, ఆ మాటే బళ్లోకొచ్చి మాస్టారు అయిందట. కింద వరసగా దండాలు, చప్పట్లు. మా హెడ్‌మాస్టరు గారు దాన్ని అసెంబ్లీలో చదివించారు కూడా. నాకెక్కడో తేడా కొడుతోంది. పాత ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు, ఓడల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నెట్‌లో వెతుక్కోమని మాత్రం చెప్పకండి. వెతికాను, అక్కడా ఇదే ఫార్వర్డ్.

పాతనిఘంటువు
బోడిగుండుకీ మోకాలికీ ముడి. రెండు మాటలూ ఇంగ్లీషులోకి వచ్చిన దారులే వేరు.

మాస్ట్ వాళ్ల సొంత మాట. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో 'మ్యాస్ట్' అనేవాళ్లు. డచ్, జర్మన్ భాషల్లోనూ అదే మాట. మాస్టర్ అరువు సొత్తు. లాటిన్ 'మగిస్తెర్' నుంచి వచ్చింది. అందులో 'మగిస్' అంటే ఎక్కువ, అంటే పైవాడు. చర్చితో, చదువుతో పాటు అది ఇంగ్లండుకి చేరింది. రాతలో మధ్యన ఒక 'గ' ఉండేది, నోట్లో అది 'య' అయిపోయింది, 'మ్యాయెస్తెర్' అన్నట్టు. 1066లో నార్మన్లు దిగాక వాళ్ల ఫ్రెంచి 'మైస్త్ర్' వచ్చి దీనితో కలిసిపోయింది. మధ్యలో ఆ అక్షరం అరిగిపోబట్టే ఇవాళ రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తున్నాయి.

గిట్_గోపి
'మగిస్' అంటే ఎక్కువ సరే, మరి మినిస్టర్?

పాతనిఘంటువు
అది 'మినుస్' నుంచి. తక్కువ అని అర్థం. మినిస్టర్ అంటే కిందవాడు, సేవకుడు. ఇది మాత్రం నిజం, ఫార్వర్డ్ చేసుకోవచ్చు.

గిట్_గోపి
మా నియోజకవర్గం గ్రూపులో పెడితే నన్ను తీసేస్తారు.

అడ్డంప్రశ్న
సంబంధం లేకపోతే మాత్రం వచ్చిన నష్టమేంటి? పిల్లలకి రెండు మాటలూ ఒకేసారి గుర్తుంటాయి కదా. కథ బాగుంది, వదిలెయ్యండి.

తణుకు_టీచర్
"మాస్టర్ అనగా మాస్ట్ నందు నిలుచువాడు" అని పేపర్లో రాస్తే దిద్దాల్సింది నేనండీ.

డెక్_మామ
భాష సంగతి మీరు తేల్చుకోండి, ఓడ సంగతి నేను చెప్తా. పాతికేళ్ల పైన డెక్ మీదే గడిపాను, ఇప్పుడు వైజాగ్‌లో విశ్రాంతి.

నాయకుడు మాస్ట్ పక్కన నిలబడతాడన్నవాడు ఓడ ఎక్కి ఉండడు. తెరచాప ఓడలో మాస్ట్ నడిమధ్యన ఉంటుంది. చుట్టూ తాళ్లు, ఎదురుగా గుడ్డ. అక్కడ నిలబడితే ముందేముందో కనపడదు. నడిపేవాడు వెనక ఉంటాడు. పాత ఉత్తర దేశపు ఓడల్లో చుక్కాని అంటే వెనక కుడిపక్కన కట్టిన పెద్ద తెడ్డు. స్టీర్ చేసే పక్క కాబట్టే కుడివైపుకి స్టార్‌బోర్డ్ అని పేరు. తెడ్డు ఏనాడో పోయింది, పేరు పోలేదు.

ఇక మాస్టర్ అనేది ఉద్యోగం పేరు. బయటివాళ్లు కెప్టెన్ అంటారు, కాగితాల మీద మాస్టరే. మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలో కూడా ఓడ ఎవరి ఆధీనంలో ఉంటే వాడే మాస్టర్, రేవులో దారి చూపే పైలట్‌నీ హార్బర్ మాస్టర్‌నీ ఆ లెక్కలో కలపకూడదు అని రాశారు. ఓడ మీద మేం మొహం ముందు కెప్టెన్ సార్ అంటాం, వెనకాల 'ఓల్డ్ మ్యాన్' అంటాం. ముప్పై రెండేళ్లవాడైనా సరే ఓల్డ్ మ్యానే.

కరీంనగర్_కుర్రోడు
ఇప్పటి ఓడలకి తెరచాపే లేదు కదా మామా, ఇంక మాస్ట్ ఎందుకు?

డెక్_మామ
రాడార్, యాంటెన్నాలు, దీపాలు ఎక్కడ పెట్టాలి మరి? అసలు పని దీపాలదే. ఓడలు గుద్దుకోకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనలున్నాయి. 50 మీటర్లు, ఆ పైన పొడవున్న ఓడకి మాస్ట్ మీద రెండు తెల్ల దీపాలుండాలి. వెనకది ముందుదాని కంటే ఎత్తులో ఉండాలి. ఒక్కొక్కటి ముందువైపు 225 డిగ్రీల మేర కనపడాలి.

ఎందుకంటావా? రాత్రి వాచ్‌లో దూరంగా ఓడ కనపడదు, ఆ రెండు చుక్కలే కనపడతాయి. చుక్కలు ఎడంగా ఉంటే అవతలి ఓడ అడ్డంగా పోతోందని లెక్క. కింద ఉన్న చుక్క ఎటువైపు ఉంటే ఓడ ముక్కు అటు. రెండూ దగ్గరవుతూ వచ్చి ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబడ్డాయా, అది సూటిగా మన మీదకే వస్తోంది. కింద ఎరుపు, ఆకుపచ్చ పక్కదీపాలు రెండూ కలిసి కనపడితే ఇంక అనుమానమే లేదు. కేడెట్‌గా మొదటిసారి అలా చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. నా పై అధికారి సెకండ్ మేట్ తాపీగా టీ తాగుతూ "ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు. ఇద్దరూ కుడికి తిరగాలి, పుస్తకంలో ఉన్నదే. కానీ నోరు పెగిలితే కదా!

అడ్డంప్రశ్న
బ్రిటిష్ నేవీలో కెప్టెన్ వేరు, మాస్టర్ వేరు అని చదివాను. మామ ఒకడే అంటున్నారు.

డెక్_మామ
నేను చెప్పింది వాణిజ్య నౌకల సంగతి. నేవీలో పూర్వం ఇద్దరుండేవాళ్లు. యుద్ధం చేయించేది కెప్టెన్. దారి, తెరచాపలు, లంగరు, సరుకు సర్దడం చూసేది మాస్టర్. కెప్టెన్ పెద్దింటి బిడ్డ అయినా పర్లేదు, మాస్టర్‌కి మాత్రం పని వచ్చి తీరాలి. జేమ్స్ కుక్ ఆ మెట్టు నుంచి పైకొచ్చినవాడే. 1757లో మాస్టర్ పరీక్ష పాసై పెంబ్రోక్ అనే ఓడలో మాస్టర్‌గా చేరాడు. ఆ తరవాత 1759లో క్యూబెక్ ముట్టడికి వెళ్లే ఓడల కోసం సెయింట్ లారెన్స్ నది లోతులు కొలిచినవాళ్లలో ఉన్నాడు. కుక్ మూడో యాత్రలో అతని ఓడకి మాస్టర్‌గా వెళ్లిన కుర్రాడే విలియం బ్లై. తరవాత బౌంటీ అనే ఓడలో తిరుగుబాటు జరిగి నడిసముద్రంలో పడవలోకి దింపేశారే, ఆయనే.

గిట్_గోపి
మా సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర మాస్టర్ పోస్టు ఎత్తేశారు. గిట్‌హబ్‌లో 2020 నుంచి కొత్త ప్రాజెక్టు పెడితే మొదటి బ్రాంచికి 'మాస్టర్' బదులు 'మెయిన్' అని పేరొస్తోంది. మెయిన్‌మాస్ట్ అనుకుని సరిపెట్టుకుంటున్నా.

పాతనిఘంటువు
మళ్లీ అసలు ప్రశ్నకొద్దాం. ఫార్వర్డ్‌లో ఉన్న ఇంకో తప్పు ఎవరూ పట్టుకోలేదు. పాత ఇంగ్లీషు కాలంలో ఓడ నాయకుణ్ణి మాస్టర్ అనేవాళ్లే కాదు. 'స్టేఓర్‌మన్' అనేవాళ్లు, అంటే చుక్కాని పట్టేవాడు. లేకపోతే 'షిపెస్ హ్లావోర్డ్', ఓడకి ప్రభువు. ఈ 'హ్లావోర్డ్' ఇప్పటి లార్డ్. విడగొడితే రొట్టె కాపలాదారు అని వస్తుంది. వాడి కింద పనిచేసేవాణ్ణి కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ చట్టాల్లో 'హ్లావ్‌ఏట', రొట్టె తినేవాడు అన్నారు. ఎవరి తిండి తింటే వాడే దొర అన్న లెక్క. ఇక ఓడలో డెక్ పనివాళ్ల పెద్దని బోసన్ అంటామే, అది 'బాట్' అనే వాళ్ల మాటకి నార్స్ (పాత స్కాండినేవియా) వాళ్ల 'స్వెయిన్', కుర్రాడు, తగిలించగా వచ్చింది.

బళ్లో కూడా మాస్టర్ కాదు. ఆల్‌ఫ్రిక్ అనే మఠాధికారి క్రీ.శ. 1000 ప్రాంతంలో పిల్లలకి లాటిన్ మాట్లాడటం నేర్పడానికి ఒక సంభాషణ రాశాడు. అందులో పిల్లలు గురువుని లాటిన్‌లో 'మగిస్తెర్' అని పిలుస్తారు. ఒక రాతప్రతిలో ఎవరో లాటిన్ వరస పైన చిన్న అక్షరాలతో ఇంగ్లీషు అర్థాలు రాశారు. అక్కడ 'మగిస్తెర్' మీద ఉన్న మాట 'లారేఓవ్'. బోధించేవాడు అని వాళ్ల సొంత మాట. అరువు మాట చేతికందే దూరంలో ఉన్నా రాసినవాడు దాన్ని ముట్టుకోలేదు. అదే పాఠంలో ఒక వర్తకుడు వచ్చి సరుకు ఓడకెక్కించి సముద్రం దాటుతానని, పట్టు, రత్నాలు, దంతం, గాజు తెస్తానని, ఒక్కోసారి ఓడ బద్దలై ప్రాణాలతో బయటపడటమే గగనమవుతుందని చెప్తాడు.

తణుకు_టీచర్
ఇది బంగారం. పిల్లల చేత నాటకం వేయించొచ్చు.

అడ్డంప్రశ్న
అసలు ఆంగ్లో-శాక్సన్లకి, అంటే ఆ పాత ఇంగ్లీషు మాట్లాడినవాళ్లకి, తెరచాప ఓడలు ఉండేవా అని నా అనుమానం. ఇంగ్లండులోని సటన్ హూలో 1939లో తవ్విన ఓడ 27 మీటర్ల పొడవు, రాజుగారి సమాధి. మాస్ట్ ఆనవాలు లేదు. అన్నీ తెడ్ల స్థానాలే. మాస్ట్ లేనివాడికి మాస్ట్ మాట ఎందుకు?

పాతనిఘంటువు
అక్కడ కొయ్యంతా కుళ్లిపోయి ఇసకలో అచ్చూ, ఇనప మేకులూ మాత్రమే మిగిలాయి. మధ్యలో సమాధి గది కట్టారు కాబట్టి మాస్ట్ ఉన్నా పీకేసి ఉంటారు. దాన్ని బట్టి లేదని తేల్చలేం.

మాటలు మాత్రం ఉన్నాయి. మాస్ట్ దిగే గుంతని 'మ్యాస్ట్‌చుస్ట్' అనేవాళ్లు, మాస్ట్ పెట్టె అని. మాస్ట్ తాడు 'మ్యాస్ట్‌రాప్'. తెరచాప వేలాడే అడ్డకర్ర 'సెయెల్‌యుర్డ్'. పాత ఇంగ్లీషు బేవుల్ఫ్ కావ్యంలో తెరచాపని సముద్రపు వస్త్రం అన్నారు. అందులోనే షుల్డ్ అనే రాజు చనిపోతే ఓడ మధ్యలో మాస్ట్ పక్కన పడుకోబెట్టి, చుట్టూ నిధులు పేర్చి, సముద్రం మీదకి వదిలేస్తారు. 'మ్యార్నె బె మ్యాస్తె', మహనీయుణ్ణి మాస్ట్ చెంత, అని. మనకి యతి ఎలాగో వాళ్లకి ఇలా మొదటి హల్లు కలపడం అలాగ.

నాకు ఇంకా ఇష్టమైనది ఎక్సోడస్ అనే పాత ఇంగ్లీషు పద్యం. మోషే ప్రజలు ఎడారిలో నడుస్తుంటే దేవుడు మేఘాన్ని అడ్డం పెడతాడు కదా. ఆ కవి దాన్ని తెరచాపగా ఊహించాడు. ఆ తెరచాప దేనికి కట్టారో, మాస్ట్ తాళ్లు ఎక్కడున్నాయో మనుషులకి కనపడలేదు అంటాడు. తెరచాప చూడని జనానికి ఈ ఊహ ఎక్కుతుందా?

అడ్డంప్రశ్న
కవులు చూసినవే రాస్తారని ఎక్కడుంది? మనవాళ్లు పాలసముద్రం రాయలేదా?

కరీంనగర్_కుర్రోడు
ఇది మాత్రం పాయింటే 😄

లండన్_లక్ష్మి
మాస్ట్ గుంత అన్నారు కాబట్టి. ఇక్కడ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర థేమ్స్ బురదలో 1962లో రోమన్ కాలపు ఓడ బయటపడింది. మాస్ట్ దిగే గుంతలో ఒక రాగి నాణెం ఉంది. ఒక పక్క డొమిషియన్ చక్రవర్తి, రెండో పక్క చుక్కాని పట్టుకున్న అదృష్టదేవత ఫోర్చూనా. దేవత బొమ్మ పైకి, మాస్ట్ మొదలుకి తగిలేలా పెట్టారు. మన ఇళ్లకి గుమ్మం ఎత్తేటప్పుడు కింద నవధాన్యాలు, నాణెం వేస్తామే, సరిగ్గా అదే పని.

డెక్_మామ
ఇప్పటికీ చేస్తారమ్మా. షిప్‌యార్డులో కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముక లాంటి దూలం, వేసే రోజు కింద నాణెం పెట్టడం ఉంది. మన దగ్గరైతే కొబ్బరికాయ అదనం.

బీమా_బాబాయ్
ఆలస్యంగా చూశాను. మెరైన్ బీమా క్లెయిముల్లో పనిచేసి రిటైరయ్యాను. మాస్ట్, మాస్టర్ రెండూ నిజంగా కలిసే చోటు ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. అది చట్టం.

ఫ్రాన్సు పడమటి తీరంలో ఒలెరాన్ అని ఒక దీవి. ఆ పేరు మీద మధ్యయుగాల నాటి సముద్ర న్యాయసూత్రాలున్నాయి. బోర్డో నుంచి ద్రాక్షసారా మోసే ఓడల తగాదాల కోసం పుట్టినవి. ఇంగ్లండూ వాటినే పాటించింది. అవి ఉన్నది ఫ్రెంచిలో, ఓడ నాయకుడికి వాడిన మాట 'మెస్త్ర్'. నిఘంటువు గారు పైన చెప్పిన స్టేఓర్‌మన్‌ని పక్కకి నెట్టి మాస్టర్ ఓడెక్కడంలో ఈ వ్యాపారం చెయ్యి పెద్దదని నా నమ్మకం.

ఇందులో రెండు సూత్రాలు చూడండి. ఓడ రేవులో గాలి కోసం ఆగి ఉంటే మాస్టర్ తన ఇష్టానికి బయల్దేరకూడదు, తోటివాళ్లని పిలిచి ఈ వాతావరణం ఎలా ఉందంటారు అని అడగాలి. ఎక్కువమంది వద్దన్నా వెళ్లి ఓడ పోగొడితే నష్టం అతనిదే. ఇంకోటి, గాలివానలో ఓడ తిరగబడేలా ఉంటే మాస్ట్ నరికెయ్యొచ్చు. కాకపోతే ముందు సరుకుల వర్తకులకి చెప్పాలి. ఓడనీ సరుకునీ కాపాడటానికి నరికిన మాస్ట్ ఖరీదు ఓడవాడొక్కడే భరించడు. బయటపడ్డ సరుకు విలువని బట్టి అందరూ పంచుకోవాలి.

ఇది చచ్చిపోయిన చట్టం అనుకోకండి. ఇవాళ దీన్ని జనరల్ ఏవరేజ్ అంటారు. 2021 మార్చిలో సూయజ్ కాలవలో అడ్డం తిరిగి ఇరుక్కున్న ఎవర్ గివెన్ గుర్తుందా? దానికీ జనరల్ ఏవరేజ్ ప్రకటించారు. కంటైనర్లో నీ చెప్పులున్నా, పక్కవాడి ఫ్రిజ్‌లున్నా, హామీ కాగితం ఇచ్చాకే సరుకు విడుదల. చిన్న దిగుమతిదారుకి ఈ నోటీసు వస్తే ఇదేదో మోసం అనుకుంటాడు. "నా పెట్టెకి గీత కూడా పడలేదు, నేనెందుకు కట్టాలి" అని నా టేబుల్ ముందు అరిచినవాళ్లున్నారు. వాళ్లకి ఈ మాస్ట్ కథే చెప్పేవాణ్ణి. సగం మంది శాంతించేవాళ్లు. మిగతా సగం మాస్ట్ ఎక్కడుంది చూపించమనేవాళ్లు.

డెక్_మామ
బాబాయ్ గారూ, తోటివాళ్లని అడగాలి అన్న సూత్రం మా ఓల్డ్ మ్యాన్ ఒకాయనకి పంపాలి. వాతావరణం గురించి నోరెత్తితే కేబిన్‌కి పొమ్మనేవాడు.

తణుకు_టీచర్
అమెరికా నేవీలో 'కెప్టెన్స్ మాస్ట్' అని ఏదో శిక్ష ఉందట, అది నిజమేనా?

డెక్_మామ
నిజమే. చిన్న తప్పులకి కోర్టు దాకా పోకుండా కమాండింగ్ ఆఫీసరే విచారించి తేల్చేస్తాడు. తెరచాపల కాలంలో మెయిన్‌మాస్ట్ మొదట్లో జరిగేది కాబట్టి ఆ పేరు.

అడ్డంప్రశ్న
అంటే మాస్ట్ పక్కన నిలబడి ఆజ్ఞలిచ్చాడు! నేను మొదటినుంచీ చెప్తున్నదదే!

పాతనిఘంటువు
శిక్షకి పేరొచ్చింది, మనిషికి కాదు.

కాకినాడ_మనవరాలు
మాస్టారుకి తెలుగులో ఇంకో తోబుట్టువు ఉంది. మేస్త్రీ. పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చింది, దాని మూలం కూడా ఆ లాటిన్ 'మగిస్తెర్' మాటే. ఒకే మాట ఇంగ్లీషు ఓడలో వస్తే సుద్దముక్క పట్టుకుంది, పోర్చుగీసు ఓడలో వస్తే తాపీ పట్టుకుంది.

మా ఇంట్లో మేస్త్రీ అంటే తాపీ పని గుర్తురాదు. మా ముత్తాత కాకినాడ నుంచి రంగూన్ వెళ్లాడు. కూలీలని కూడగట్టి, అడ్వాన్సు ఇచ్చి, ఓడెక్కించి, అక్కడ రైసు మిల్లులోనో రేవులోనో పనికి పెట్టేవాణ్ణి మేస్త్రీ అనేవాళ్లు. కూలి డబ్బు ముందు మేస్త్రీ చేతికే వెళ్లేది, వాడు తన అప్పు పట్టుకుని మిగిలింది ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేది కాదు. బర్మా వాళ్లు మనవాళ్లని కొరంగీలు అనేవాళ్లు, కోరంగి రేవు పేరు మీద. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు మా ముత్తాత అడవుల్లో పడి నడిచి వచ్చాడు. ఆయన ముందు మేస్త్రీ అన్న మాట ఎవరైనా అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడని మా అమ్మమ్మ చెప్పేది.

లండన్_లక్ష్మి
కింద గోదారి లాంచీల మీద సరంగు అంటారు కదా, అదీ నాయకుడే కదా?

డెక్_మామ
ఫార్సీ మాట అది. అక్బరు కాలపు అయినె అక్బరీలో ఓడ సిబ్బంది జాబితా ఉంది. నఖుదా అంటే ఓడకి దొర, నావ్ ప్లస్ ఖుదా. ఆ ఇంగ్లీషు 'షిపెస్ హ్లావోర్డ్' లాంటిదే. నక్షత్రాలు చూసి దారి చెప్పేవాడు ముఅల్లిం, అరబ్బీలో పంతులు అని అర్థం. ఆ కింద టండేల్, సరంగు. టండేల్, సరంగు నేను చేరిన రోజుల్లో కూడా వినపడేవి.

కరీంనగర్_కుర్రోడు
అందరికీ అన్నీ చెప్పిన్రు, నా మస్తు సంగతి మర్చిపోయిన్రు. అసలు మొదట అడిగింది నేను. సరిగ్గ అడగలే గనీ మనసుల అనుకున్న.

పాతనిఘంటువు
మస్తు ఫార్సీ 'మస్త్' నుంచి వచ్చింది, మత్తులో ఉన్నవాడు అని. మన మత్తు, మదం వైపు చుట్టం. ఓడ మాస్ట్‌తో పని లేదు. కానీ ఇంగ్లీషులో ఇంకో మాస్ట్ ఉంది. ఓక్, బీచ్ చెట్ల కింద రాలే కాయలు, పందుల మేత. అది 'మద్' ధాతువు వైపుది కావచ్చునని భాషావేత్తలు అంటారు. అంటే మీ మస్తుకి పందుల మేత దూరపు బంధువు.

కరీంనగర్_కుర్రోడు
గిదా దొరికింది నాకు? ఓడ వాళ్లకు, పంది నాకు.

లండన్_లక్ష్మి
తక్కువగా చూడకు తమ్ముడూ. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో, అంటే ఇంగ్లండు రాజు చేయించిన భూముల సర్వేలో, అడవిని చాలాచోట్ల "ఇన్ని పందులకి సరిపడేది" అనే కొలిచారు. న్యూ ఫారెస్ట్‌లో ఇప్పటికీ శరదృతువులో పందుల్ని వదులుతారు. పచ్చి ఓక్ కాయలు తింటే గుర్రాలకి విషం, పందులకి ఏమీ కాదు. అవి తినేస్తే గుర్రాలు బతుకుతాయి. కిందటేడు కారాపి చూశాం. రోడ్డు మధ్యలో నిలబడి కాయ కొరుకుతూ మమ్మల్ని పట్టించుకోనే లేదు.

అడ్డంప్రశ్న
ఆ ఓక్ చెట్టునే నరికి ఓడకి మాస్ట్ చేస్తారు. రెండు మాస్ట్‌లూ ఒకటే. నిరూపించాను.

డెక్_మామ
మాస్ట్‌కి ఓక్ వాడరయ్యా, బరువు. ఓడ ఒంటికి ఓక్, మాస్ట్‌కి పైన్, ఫర్. తిన్నగా, పొడుగ్గా, కాస్త వంగేదిగా ఉండాలి. 1691లో అమెరికాలో ఇంగ్లీషు వలస అయిన మసాచుసెట్స్‌కి ఇచ్చిన చార్టర్‌లో 24 అంగుళాల వ్యాసం దాటిన చెట్లు రాజుగారి నేవీవని రాసుకున్నారు. అలాంటి తెల్ల పైన్ మానుల మీద బాణం గుర్తు కొట్టేవాళ్లు. ఊరివాళ్లు నరికితే జరిమానా. 1772లో న్యూ హ్యాంప్‌షైర్‌లో దాని మీద గొడవే జరిగింది, రాజు మనుషుల్ని కర్రలతో కొట్టి తరిమారు.

నిర్వాహకుడు
పందులు, చెట్లు, బర్మా, గిట్‌హబ్ అన్నీ ఒకే దారంలో వస్తున్నాయి. బర్మా వలస కథలకి వేరే దారం తెరిచాను, మనవరాలు గారూ అక్కడ ఇంకా రాయండి. బీమా ప్రశ్నలు బాబాయ్ గారికి నేరుగా పంపకండి, ఆయన ఇన్‌బాక్స్ నిండిపోయిందట.

గిట్_గోపి
బాబాయ్ గారూ, ఒక్కటే. అమెరికా నుంచి సామాన్లు ఓడలో పంపుతున్నా. జనరల్ ఏవరేజ్ పడితే పాత సోఫాకి కూడా కట్టాలా?

బీమా_బాబాయ్
కట్టాలి. సరుకు బీమా చేయించు, వాళ్లే కడతారు. సోఫా మాత్రం అక్కడే అమ్మేసి రా.